పన్నెండు గింజల కొరత

జూన్ 11, బుధవారం

రాసుకో. నా పేరు సుబ్బులమ్మ. చదువు రాదు, లెక్క వస్తాది. నగరి రోడ్డు పక్కన మా పల్లెలో ముప్పై ఏండ్లుగా పాలసెంటరుకు పాలు పోస్తా ఉండాను. చుక్క తేడా వచ్చినా ఊరుకున్నదాన్ని కాదు. ఇది నా వ్యాజ్యం.

ఈ పోనులో మైకు బొమ్మ ఉండాది. నొక్కి మాట్లాడితే అక్షరాలు పడతాయి. నా కొడుకు సుకుమార్‌కు కబురు పంపేదానికని నా మనవరాలు కోమలి నేర్పించింది. పంపేది వేరే బొమ్మ. అది నొక్కకుంటే మాట ఈడనే నిలిచిపోతాది. ఎవరూ చదవరు, నేనైతే చదవనే లేను. అందుకని నిజమే చెప్తా.

కోమలికి తిరపతి కాలేజీలో అన్యాయం జరిగింది. బియెస్సీ మూడేండ్లు హాస్టల్లో ఉండి చదివింది. ముప్పై నాలుగు పేపర్లు రాసింది. ఒక్కో పేపరుకు పదికి ఇన్ని అని వేస్తారు, అన్నీ కలిపి సగటు తీస్తారు. సగటు ఏడు ఉంటేనే కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ సీటు. మా బిడ్డకు ఆరు తొంభై అని గోడకు అంటించినారంట. ఆరు తొంభై! ఏడుకు వెంట్రుక వాసి తక్కువ.

నేను ఊరుకుంటానా. చేట నిండా చింతగింజలు పోసుకోని కూసున్నా. కోమలి ఒక్కో పేపరు చదవతా ఉంటే ఎన్ని వస్తే అన్ని గింజలు పక్కన పెట్టినా. రెండు వందల నలభై అయినాయి. ముప్పై నాలుగు కుప్పలు చేసి తలా ఏడు పంచితే, ఇంకా రెండు నా చేతిలో మిగిలినాయి.

మిగిలినాయి అంటే ఏడు దాటినట్టే కదా?

"అట్ల కాదవ్వా, క్రెడిట్లు ఉంటాయి" అనింది కోమలి.

"క్రెడిట్లు లేవు, గిడిట్లు లేవు. గింజలు అబద్దం చెప్పవు."

అది నవ్వి లేచి పోయింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఓడిపోయినోళ్ళు నవ్వే నవ్వు.


జూన్ 12, గురువారం

సుకుమార్ పోన్ చేసినాడు. వాడూ కోడలూ నగరిలో పవర్‌లూమ్ పనికి పోతారు. కోమలి చిన్నప్పటి నుంచి నా దగ్గరే పెరిగింది. వెనకాల మగ్గాల చప్పుడు, వాడి మాట సగమే వినపడతాది. "ఏడు రాలేదు గదా, ఇంకేం చదువు? సత్యవేడు పక్క ఫ్యాక్టరీలో గురప్ప ఉండాడు, ఒకటో తేదీ నుంచి పనికి రమ్మన్నాడు" అన్నాడు. గురప్ప వాడితో చిన్నప్పుడు చదువుకున్నోడు, ఆడ మేస్త్రీ.

"ఆగరా, ఆఫీసోళ్ళు లెక్క తప్పినారు" అన్నా.

"పరీక్ష ముందర తప్పు చేసింది కోమలి గానీ ఆఫీసోళ్ళు కాదులే" అని పెట్టేసినాడు.

రెండు పేపర్లలోనే తక్కువ వచ్చినాయి. ఒకటి కంప్యూటరు పేపరు, దాంట్లో నాలుగు. ఇంకొకటి ఫిజికల్ కెమిస్ట్రీ, దాంట్లో అయిదు. ఆ పేపరు పోయిన కార్తీకమాసంలో రాసింది. ఆ పొద్దు దానికి ఒళ్ళు బాగలేదు. జొరం.

అదే రాసుకో. జొరం.


జూన్ 13, శుక్రవారం

మా ఆవు, చుక్కావు, పది లీటర్లు ఇచ్చింది. దూడ బాగుండాది.


జూన్ 16, సోమవారం

కాలేజీ ఆఫీసుకు పోయినా. కోమలి వద్దు వద్దంటానే వెంట వచ్చింది. గింజలు మూటకట్టి ఒళ్ళో పెట్టుకున్నా.

కిటికీకి అద్దం, అద్దానికి అరచేతంత బొక్క. వంగి మాట్లాడల్ల. లోపల పరంధామయ్య అనే గుమస్తా. నా వయసు కాదు గానీ తల నెరిసింది. బొక్కలో నుంచి మూట తోసినా.

"ఏందమ్మా ఇది?"

"మా బిడ్డ మార్కులు. లెక్కపెట్టుకో."

"పెద్దమ్మా, ఇది ఆఫీసు. చింతపండు మండీ కాదు."

"మండీలో అయితే నా కండ్ల ముందర తూస్తారు నాయనా. మీరు లోపల తూసి బయట చీటీ అంటిస్తారు."

వెనక నిలబడిన పిల్లోళ్ళు కిసుక్కుమన్నారు. కోమలి నా కొంగు లాగింది. పరంధామయ్యకు కోపం రాలేదు, కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఓపికగల మనిషి. అట్లాంటోళ్ళతో కొట్లాడేది కష్టం.

"అన్ని పేపర్లూ ఒకటే బరువు కాదు పెద్దమ్మా. వారానికి నాలుగు గంటలు చెప్పే పేపరుకు నాలుగు క్రెడిట్లు. రెండు గంటలు చెప్పేదానికి రెండు. నాలుగు క్రెడిట్లదాంట్లో ఎంత వస్తే దాన్ని నాలుగు సార్లు వేసుకోవాల, రెండుదాంట్లో రెండు సార్లు."

"ఒక బిడ్డను నాలుగు సార్లు లెక్కపెడితే నలుగురు బిడ్డలవుతారా?"

"కారు."

"మరి?"

ఆయన గట్టిగా నవ్వినాడు. ఒక కాగితం తీసి పేపర్ల పక్కన క్రెడిట్లు టిక్కు పెట్టి ఇచ్చినాడు. "ఇంటికి పోయి తీరిగ్గా చూసుకోండి. ఒక దారి ఉంది. బెటర్‌మెంట్ పరీక్ష. తక్కువ వచ్చిన పేపరు ఒకటి, ఒక్కటే, మళ్ళీ రాసుకోవచ్చు. ఇరవై అయిదో తేదీ లోపల ఫారం ఇవ్వాల. ఫలితం ఆగస్టు మొదట్లో వస్తుంది, సీటుకు టైముంటుంది."

అంతటితో ఊరుకున్నాడా? కంప్యూటర్లో ఏందో చూసి, "పాపా, ఫిజికల్ కెమిస్ట్రీలో నీకు ఇంటర్నల్ మార్కులు బ్రహ్మాండంగా ఉన్నాయే. పరీక్షలో ఏమైంది?" అన్నాడు.

కోమలి గోడ మీద గడియారం చూస్తా ఉండాది.

"బస్సు లేటయింది" అన్నా నేను.

వచ్చేటప్పుడు బస్సులో ఎండ ఒక పక్కే పడతా ఉండాది. కోమలి నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. పుత్తూరు దాటేదాకా కదలకుండా కూసున్నా. కొండలు మెల్లగా వెనక్కి నడిచిపోతా ఉంటే, మేము నిలబడినట్టూ లోకం పోతా ఉన్నట్టూ ఉండింది. ఇట్లనే ఎప్పటికీ దిగకుండా ఉంటే ఏ లెక్కా తేల్చే పని లేదు.


జూన్ 17, మంగళవారం

పాలసెంటర్లో శకుంతలమ్మ అడిగింది. పాలకు ఫ్యాటు చూసేది ఆమే. "ఏం సుబ్బులక్కా, మనవరాలికి ఆరు తొంభై అంట గదా?"

"నీకెవరు చెప్పినారు?"

"ఊరంతా చెప్తా ఉంటే నా చెవులు మూసుకోల్నా? పాపం, ఆ పొద్దు ఆవు కోసం రాకుండా ఉండింటే..."

"దానికి చుక్కావంటే పానం. దూడ అడ్డం తిరిగిందని తెలిసి తానే పరిగెత్తుకోని వచ్చింది. వద్దు వద్దన్నా నేను."

"అవునవును, అప్పుడూ చెప్పింటివి" అని ఫ్యాటు మిషను వైపు తిరిగింది.

ఎన్ని సార్లు చెప్పినా అదే చెప్తా. చెప్పీ చెప్పీ నాకు గూడా కనపడతాది, అది బస్సు దిగి పరిగెత్తుకోని వస్తా ఉన్నట్టు, నేను రెండు చేతులూ అడ్డం పెట్టి పో పో అంటా ఉన్నట్టు. బాగా కనపడతాది.


జూన్ 19, గురువారం

మధ్యాన్నం సంగటి తిని వసారాలో ఒరిగినా. కన్ను మూతపడింది.

కాలేజీ మాదిరి పెద్ద ఇల్లు. గోడలకు సున్నం ఇప్పుడే కొట్టినట్టు తెలుపు. ఆడబిడ్డలు వరసగా వస్తా ఉండారు, చంకల్లో క్యాన్లు. చప్పుడు లేదు. కాళ్ళకు చెప్పుల్లేవు, నేల మీద పాలు, జారి పడరు. నడమన తొట్టి. ఒక్కొక్కరూ వంచి పోసి పోతా ఉండారు. కోమలి వచ్చింది. ఒక చేతిలో చిన్న చెంబు. దాంట్లో ఎనుంపాలు, వేలు పెడితే వేలికి అంటుకునేంత చిక్కన. పోసింది. తొట్టి కదల్లేదు. ఇంకో చెంబు, అదీ చిక్కనిదే. తొట్టి కదల్లేదు. తర్వాత ఒక క్యాను తెచ్చింది, దాని ఎత్తు అదే ఉండాది. ఇద్దరు మనుషులు పట్టుకుంటే గానీ లేవదు. మూతికి నా చీర గుడ్డ కట్టి ఉండాది. ఎవరికీ చెప్పకుండా ఒక్కతే వంచింది. పలచటి పాలు, నీలం నీలంగా, ఆగకుండా పడతా ఉండాయి. తొట్టంతా నీలమైపోయింది.

లేచేసరికి చెంపకు చాప గీతలు. ఎండ తాటాకు సందుల్లో నుంచి చుక్కలు చుక్కలుగా పడి ఉండాది. ఇల్లు ఎవరిదో అనిపించింది కాసేపు.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. పన్నెండేండ్ల కింద ఇదే తప్పు చేసినా నేను. ఎనుము రెండు లీటర్లు ఇస్తా ఉండింది, ఫ్యాటు ఏడు. అప్పటి ఆవు పది లీటర్లు, ఫ్యాటు మూడున్నర. రెండూ ఒకే క్యానులో పోస్తే ఏడుకూ మూడున్నరకూ నడమన, అయిదూ పావు రావల్ల కదా అని నా లెక్క. మిషను నాలుగు చూపించింది. "దొంగ మిషను, దొంగ శకుంతల" అని సెంటరు ముందర మన్ను ఎత్తి పోసినా. ఆ మహాతల్లి నా ఎదురుగా చెంబులతో కొలిచి చూపించింది. రెండు చెంబులు చిక్కనివి, పది చెంబులు పలచనివి. "అక్కా, పదిమంది ఒక పక్క లాగితే ఇద్దరు ఏం చేస్తారు?" అనింది. ఆ దినం నుంచి రెండూ వేరే వేరే పోస్తా ఉండాను.

ఎంత చిక్కన అనేది ఒక మాట. ఎంత పోసినావు అనేది ఇంకో మాట. రెండూ కలిస్తేనే తొట్టి.

పరంధామయ్య చెప్పింది ఇదే. ఆయన గంటల్లో చెప్పినాడు, లీటర్లలో చెప్పింటే ఆ కిటికీ దగ్గరే ఒప్పుకోని ఉందును.


జూన్ 20, శుక్రవారం

పక్కింటి దేవకమ్మ చింతపండు కొట్టిన గింజలన్నీ తెప్పించినా. కోమలి ఆ టిక్కుల కాగితం పట్టుకోని చదివింది.

పెద్దవి ఇరవై ఆరు పేపర్లు, నాలుగు క్రెడిట్లవి. చిన్నవి ఎనిమిది, రెండేసి. చిన్నదాంట్లో తొమ్మిది వస్తే తొమ్మిదేసి రెండు సార్లు. పెద్దదాంట్లో ఏడు వస్తే ఏడేసి నాలుగు సార్లు. వసారా అంతా గింజలు పరుచుకున్నాయి. కోడి వస్తే దేవకమ్మ తరిమింది.

క్రెడిట్లన్నీ కలిపితే నూట ఇరవై. తలా ఏడు కావల్లంటే ఎనిమిది వందల నలభై గింజలు. ఉన్నవి ఎనిమిది వందల ఇరవై ఎనిమిది.

పన్నెండు తక్కువ.

ఆఫీసోళ్ళది సరైన లెక్క. నేను గెలిచిందంతా చిన్న చెంబుల్లో. పెద్ద క్యాన్లన్నీ కొంచెం కొంచెం పలచన, ఒకటి మరీ పలచన.

"చూసినావా, నేను చెప్తే విన్నావా?" అనింది కోమలి. "కంప్యూటరు పేపరు మళ్ళీ రాస్తాలే అవ్వా. నాలుగే వచ్చింది. అన్నిటికంటే తక్కువ అదే గదా."

నేను గింజల వైపు చూసినా. కంప్యూటరు పేపరు రెండు క్రెడిట్లది. ఒక మెట్టు ఎక్కితే రెండు గింజలు. పన్నెండు కావల్లంటే ఆరు మెట్లు, నాలుగు నుంచి పదికి. పదికి పది ఎవరు ఇస్తారు? ఫిజికల్ కెమిస్ట్రీ నాలుగుది. ఒక మెట్టుకు నాలుగు గింజలు. అయిదు నుంచి ఎనిమిదికి పోతే చాలు. మూడే మెట్లు.

"చిన్న చెంబు దిద్దితే తొట్టి మారదే. పెద్ద క్యాను దిద్దల్ల."

"ఆ పేపరు నాకు రాదవ్వా."

"రాదా? హాస్టలు పిల్లోళ్ళకు పోనులో చెప్తా ఉంటావే, అణువులు గిణువులు అని, అది ఏ పేపరు?"

అది గింజలు చేటలోకి ఎత్తతా ఉండింది. తలకాయ ఎత్తలే. "వద్దులే అవ్వా. ఆ పేపరు మాట ఇప్పుడెందుకు. నాయన మళ్ళీ మొదలుపెడతాడు. మళ్ళీ నువ్వు బాధపడతావు."

నేను బాధపడతానంట.


జూన్ 21, శనివారం

దానికి జొరం రాలేదు. బస్సు లేటు కాలేదు.

ఆ క్యానులో నీళ్ళు పోసింది నేను.

ఇది చెరిపేది ఎట్లనో కోమలి నేర్పించలేదు. ఉండనీ.


జూన్ 22, ఆదివారం

సుకుమార్ వచ్చినాడు. మురుకుల పొట్లం నా పక్కన పెట్టి మంచం మీద కూసున్నాడు. కోమలి కొట్టంలో పేడ ఎత్తతా ఉండింది.

"ఏమ్మా, కాలేజీ మీద యుద్ధానికి పోయినావంట?"

"పోయినా."

"గెలిచినావా?"

"వాళ్ళ లెక్క సరిగ్గానే ఉండాది."

వాడు మురుకు కొరకబోయి ఆగినాడు. "నువ్వు ఒకరిది సరి అన్నది నా బతుకులో ఇదే మొదలు. ఒళ్ళు బాగుండాదా?"

"నవ్వొద్దురా. దానికి ఒక పేపరు మళ్ళీ రాసే దారి ఉండాది. రాస్తే ఏడు వస్తాది."

"రాసి? మళ్ళీ ఆవు ఈనితే మళ్ళీ పరిగెత్తుకోని వస్తాది. పరీక్ష ముందర దినం పుస్తకం మూసి ఆవును చూసేదానికి వచ్చే బిడ్డకు చదువెందుకుమా? దానికి చదువు మీద ధ్యాస లేదు. గురప్పకు మాటిచ్చినా."

కొట్టంలో పార చప్పుడు ఆగింది. ఎండలో ఎగిరే దుమ్ము గూడా ఆగినట్టు ఉండింది. ఇంకొంచెం సేపు నోరు మూసుకోని ఉంటే ఆ నిమిషం దాటిపోయి ఉండును. నాకు అది తెలుసు. ఏడు నెలలుగా అట్లనే దాటిస్తా ఉండాను.

"అది రాలేదు" అన్నా. "నేను పిలిచినా."

"ఏంది?"

"చుక్కావుకు తొలిచూలు. కడుపులో దూడ కాలు మడిచింది. పశువుల ఆసుపత్రి పెంచలయ్య చిత్తూరుకు పెండ్లికి పోయినాడు. నా వేళ్ళు వంగవు. దాని చెయ్యి సన్నం, మేకకు ఒకసారి పిల్లను తిప్పింది. మునిమాపు నుంచి మూడు సార్లు పోన్ చేసినా. మొదటిసారి, రేపు పరీక్షవ్వా అనింది. రెండోసారి నేను ఏడ్చినా. మూడోసారి, ఆవు చస్తే ఆ పాపం నీదే అన్నా. కడపటి బస్సుకు వచ్చింది. తెల్లారేదాకా దూడ కాలు పట్టుకోని కూసునింది. అట్లనే పోయి రాసింది, రెక్కలకు నెత్తురు సరిగ్గా కడుక్కోకుండా."

సుకుమార్ చేతిలో మురుకు పొట్లంలో పడేసినాడు. వాడికి వాళ్ళ నాయన మాదిరి, కోపమొస్తే చెవులు ఎర్రబడతాయి.

"పరీక్షల్లో బిడ్డను పిలవొద్దని చెప్పింటి గదమ్మా నీకు."

"చెప్పింటివి."

"మార్కులు వచ్చిన పొద్దు నేను దాన్ని ఆ మాటలన్నీ అంటా ఉంటే, నువ్వు ఈడనే ఉంటివి గదా?"

"ఉంటిని. అలసందలు ఒలస్తా ఉంటిని."

"నిజం ఒక్క మాట చెప్పకపోతివే."

"చెప్తే నన్ను అందువు. అందుకని చెప్పలేదు."

అంతే నా వ్యాజ్యం. ఇంకొక సాక్షి లేడు.

వాడు లేచినాడు. "నాకెందుకు చెప్తావు. దానికి చెప్పు పో."

దానికేం చెప్పేది, అది కొట్టం గుంజ పక్కనే నిలబడి ఉండాది, చేతిలో పార పట్టుకోని. నన్నూ చూడలే, వాళ్ళ నాయననూ చూడలే. "పాలు పిండే టైమయింది" అనింది.

సుకుమార్ అన్నం తినకుండా పోయినాడు. చుక్కావు పాలు చేపేదానికి ఈ పొద్దు చానా సేపు పట్టింది.


జూన్ 23, సోమవారం

కోమలి మాట్లాడలే.


జూన్ 24, మంగళవారం

మాట్లాడింది. "అవ్వా, చక్కెర యాడ పెట్టినావు?"

పదకొండు గంటలప్పుడు సుకుమార్ పోన్ చేసినాడు. నాకు కాదు, దానికి. అది పోను చెవికి పెట్టుకోని ఇంటి వెనకాలికి పోయింది. చానా సేపు. ఊ, ఊ అనేది తప్ప ఏమీ వినపడలే. లోపలికి వచ్చి కండ్లు తుడుచుకోని, "నాయన సారీ చెప్పినాడు" అనింది. "గురప్ప మామకు వద్దని చెప్పినాడంట. ఆ పేపరే రాయమన్నాడు."

కన్న కొడుకు చెప్పినాడు. నేను ఇంకా చెప్పలేదు.


జూన్ 25, బుధవారం

ఫారం ఇచ్చినాము. కిటికీ దగ్గర పరంధామయ్య నన్ను గుర్తుపట్టి, "గింజలు తెచ్చినారా పెద్దమ్మా?" అన్నాడు.

"పని అయిపోయింది, ఇంట్లో పోసి వచ్చినా."

"ఏ పేపరు పాపా?"

"ఫిజికల్ కెమిస్ట్రీ సార్."

"కంప్యూటర్‌లో ఇంకా తక్కువుందే. అందరూ తక్కువదే రాస్తారు."

"అది రెండుది నాయనా" అన్నా నేను. "దాంట్లో ఆరు మెట్లు ఎక్కల్ల. దీంట్లో మూడు చాలు. అటైనా ఇటైనా పన్నెండే."

కండ్లద్దాలు పైకి తోసుకోని నన్ను చూసినాడు. "ఈ ముక్క మా ఆఫీసులో సగం మందికి చెప్పలేక చచ్చిపోతున్నానమ్మా."

"పాలు పొయ్యమను, వస్తాది."

ఫారంలో ఒక గీత ఉండాది, పెద్దోళ్ళు సంతకం పెట్టేది. వేలిముద్ర వేసినా. సిరా తుడుచుకునేదానికి కోమలి తన పుస్తకంలో కాగితం చించి ఇచ్చింది.


జూలై 9, బుధవారం

నిన్ననే తిరపతికి వచ్చినాము. ముప్పై ఏండ్లలో మొదటిసారి నా పశువులను ఇంకొకరు పిండినారు. దేవకమ్మకు అన్నీ చెప్పినా. చుక్కావుకు ఎడమ పక్క కూసోవల్ల, ఎనుముకు పాట పాడల్ల. "నాకు పాట రాదు" అనింది. "తిట్టు, అదీ పాటే అనుకుంటాది" అన్నా.

పోను నా దగ్గర వద్దని చెప్పి కోమలికి ఇచ్చేసినా. అది ఆపేసి సంచిలో పెట్టింది. దాని స్నేహితురాలి గదిలో పడుకున్నాము. బిడ్డ పొద్దుగూకంగానే నిద్రపోయింది. దాని ఊపిరి వింటా నేను గూడా పోయినా.

పొద్దున గేటు బయట గానుగ చెట్టు కింద అరుగు మీద కూసున్నా. మూడు గంటలు. లోపల నుంచి చప్పుడే లేదు. అంతమంది బిడ్డలు రాస్తా ఉంటే చప్పుడు ఉండల్ల కదా, వాన పడినట్టు. తిరుచానూరు పోయే ఆటోలు పిలస్తా ఉండాయి. పూలమ్మేదొకతె నా పక్కన గంప దించి కనకాంబరాలు కడతా ఉండింది. ఆమె వేళ్ళు కదలతా ఉంటే చూస్తా చూస్తా, కూసోనే కన్ను మూతపడింది. కలేం రాలేదు. తెల్లగా ఉండింది, అంతే.

"అవ్వా" అని భుజం తట్టింది కోమలి.

"అప్పుడే వచ్చేసినావా? ఎట్ల రాసినావు?"

"అన్నీ రాసినా. ఇంకా పది నిమిషాలు మిగిలింది."

"చెప్పకూడదు, దిష్టి."

"నువ్వే కదా అడిగినావు!"

ఇద్దరమూ హోటల్లో కూసోని పొంగలి తిన్నాము. తప్పు నాదని దానికి చెప్పల్ల అనుకున్నా. హోటల్లో చానామంది ఉండారు.


జూలై 20, ఆదివారం

ఏమీ లేదు. వాన.


ఆగస్టు 2, శనివారం

తొమ్మిది వచ్చింది.

ఎనిమిది చాలు అనుకుంటే తొమ్మిది. నాలుగు మెట్లు, పదహారు గింజలు. ఎనిమిది వందల నలభై నాలుగు. నూట ఇరవైకి పంచితే ఏడు పాయింటు సున్నా మూడు. పరంధామయ్య పోన్ చేసి చెప్పినాడు. సుకుమార్ మగ్గం ఆపేసి అరిచినాడు, ఈడికి వినపడింది.

పాలసెంటరుకు పోయినా. పది మంది ఉండారు. శకుంతలమ్మ, "ఏడు దాటిందంట గదా అక్కా! ఆవు మీద ప్రేమతో పోగొట్టుకున్నా, బిడ్డ మళ్ళీ..." అంటా ఉండాది.

"ఆవు మీద ప్రేమతో కాదు. నేను పిలిస్తే వచ్చింది. ఏడ్చి, శాపనార్థాలు పెట్టి పిలిచినా. ఇన్నాళ్ళూ మీకు చెప్పింది అబద్దం."

మిషను గిర్రుమంటా ఉండాది. శకుంతలమ్మ చీటీ చించి నా చేతిలో పెట్టింది. "మూడు పాయింటు ఆరు" అనింది, అంతే.


ఆగస్టు 10, ఆదివారం

సీటు వచ్చింది. రేపు పోతాది.

మధ్యాన్నం కోమలి గుడ్డలు మడత పెడతా ఉండింది. నేను పక్కన కూసోని మడిచినవే మళ్ళీ మడస్తా ఉంటిని. ఇల్లంతా సోపు వాసన. ఎండ మంచం కోడు మీద నుంచి గోడ మీదికి ఎక్కింది.

"నన్ను తిట్టే" అన్నా.

"ఎందుకవ్వా?"

"ఆ పొద్దు పిలిచినందుకు. నీ పరీక్ష చెడగొట్టినందుకు. తప్పు నాది. నోటితో నీకు చెప్పలేదు ఇంతవరకూ. ఇదో, చెప్తా ఉండా."

అది చేతిలో చున్నీ పక్కన పెట్టింది. "పిలిచినందుకు నేను ఏడవలేదవ్వా. నువ్వు పిలవకుండా ఉండి ఆవు చచ్చిపోయింటే అప్పుడు ఏడుద్దును. నేను ఏడ్చింది ఎప్పుడో తెలుసా? నాయన తిడతా ఉంటే, 'నేను పిలవలేదురా, అదే వచ్చింది' అన్నావు చూడు. నా ముందరే అన్నావు. నేను నిన్ను చూస్తా ఉంటే అలసందలు చూస్తా అన్నావు."

ఇన్ని దినాలు గింజలు పోసి లెక్క తేల్చినా, ఏది బరువో నాకు ఇప్పుడు చెప్పింది ఈ బిడ్డ.

"ఇంకమీద పిలవనులే" అన్నా. "ఎనుము చచ్చినా, నేను చచ్చినా నీ పరీక్షలు అయిపోయేదాకా పోను ముట్టను."

"అదిగో, మళ్ళీ మొండితనం. పిలువు. వచ్చేది రానిది నేను చూసుకుంటా. వస్తే మాత్రం..."

"వస్తే?"

"నాయనకు నువ్వే పోన్ చెయ్యల్ల. నేనే పిలిచినా, నీ బిడ్డ దారిలో ఉండాది అని."

వాడితోనా? వాడి నోటి ముందర ఎవరు నిలబడతారు!

"చేస్తా" అన్నా.